నడిచే ఇంజన్ విప్పాలా వద్దా

మా బాపుకు చెడిపోయిన వస్తువంటే భయం లేదు. బాగున్న వస్తువంటేనే భయం. లారీ టైరు నడిరోడ్డు మీద పగిలితే బీడీ ముట్టించుకుని నిమ్మళంగా మార్చేవాడు. అదే టైరు నిగనిగలాడుతూ ఉంటే మాత్రం దాని చుట్టూ తిరిగి, గోటితో గీకి, గుద్ది చెవి పెట్టి విని, దీనికి ఎప్పుడు ఏమవుతుందో అని దిగులుపడేవాడు. మాకు జ్వరం రాకముందే కషాయం తాగించేవాడు. రోహిణి ఎండల్లో కూడా లారీ సీటు వెనక గొడుగు ఉండాల్సిందే. మా అమ్మ ఆయనతో వాదించి వాదించి ఊరుకోవడం నేర్చుకుంది. నాకు ఆ విద్య ఇప్పటికీ అబ్బలేదు.

ఆయన అట్లా కావడానికి గొర్రెలు కారణం. మాది మర్రిగూడ వైపు గొర్రెలు కాసుకున్న ఇల్లు. బాపు పెళ్ళికి ముందు ఒక ఏడు, తొలకరికి ముందే పశువుల డాక్టరు ఊళ్ళోకి వచ్చి చిటుకు రోగం రాకుండా సూదులేస్తానంటే పక్క మందలవాళ్ళందరూ వేయించుకున్నారట. మా బాపు మాత్రం, గుండ్రాళ్ళలాంటి గొర్రెలకు సూదెందుకని ఆయనను తిప్పి పంపాడట. వాన పడింది. పచ్చిక మొలిచింది. గొర్రెలు ఆశగా మేశాయి, మేసినవి మేసినచోటే కాళ్ళు తన్నుకుని పడిపోయాయి. మిగిలిన నాలుగింటిని అమ్ముకుని బాపు లారీ మీద క్లీనరుగా ఎక్కాడు. ఆ తర్వాత డ్రైవరయ్యాడు, ఇంకొన్నేళ్ళకు ఒక పాత లారీ కొనుక్కుని కల్వకుర్తిలో కాపురం పెట్టాడు. వాన పడ్డంక పోసేది మందు గాదు, కన్నీళ్ళు అనేవాడు. ఆ మాట మా ఇంట్లో ఉప్పుకన్నా ఎక్కువ ఖర్చయింది.

నాకు బండి నడపడం నేర్పింది కూడా ముందుజాగ్రత్తకే. రేపు తోవలో తనకేమన్నా అయితే ఇంట్లో ఇంకొకరికి స్టీరింగు తెలిసుండాలి కదా అని, వానల్లేక చెరువు ఎండిపోయిన ఏడు, అందులో దింపి అరువు జీపు మీద నేర్పాడు. ఆయనకేమీ కాలేదు. నాకు మాత్రం అయింది. స్టీరింగు చేతికొచ్చిన రోజు నుంచి నాకు అన్నం మీద కంటే బండి మీద ధ్యాస ఎక్కువైంది. అప్పటికి డిగ్రీ అయిపోయి, టీచరు పరీక్షలు రాస్తూ ఇంట్లోనే ఉన్నాను. పుస్తకం ముందు పెట్టుకుని కాళ్ళతో నేల మీద క్లచ్చూ బ్రేకూ తొక్కుకుంటూ చదివేదాన్ని.

ఎనభైల చివర్లో కొల్లాపూర్ దగ్గర ఒక పెద్దింటివాళ్ళు హైదరాబాదుకు మకాం మార్చుకుంటూ సామానంతా మా లారీలో వేశారు. అన్నీ పోయాక వాళ్ళ కొట్టంలో గడ్డిమోపుల వెనక ఒక చిన్న ఎర్ర కారు మిగిలింది. రెండే తలుపులు, రెండే సీట్లు, టాపు లేదు. పందేలలో ఉరికే కార్ల జాతిదట, ఎప్పుడో ఇంగ్లండు సీమ నుంచి ఓడలో వచ్చిందట. సీట్లలో ఎలుకలు పిల్లాజెల్లాతో ఉంటున్నాయి. కిరాయి బదులు ఇది తీస్కపో అన్నాడు ఆ ఇంటాయన. బాపు గడ్డితో సహా లారీకెక్కించి తెచ్చాడు. అమ్మ దానికి దొరసాని అని పేరు పెట్టింది. ఇంటిపని ముట్టదు, అందరూ దానికి సేవలు చేయాలి అని.

దొరసానికి ప్రాణం పోసింది మెకానిక్ చాచా. శ్రీశైలం రోడ్డు మీద ఆయనది రేకుల షెడ్డు. మా లారీకి మా ఇంటికొచ్చినప్పటి నుంచీ ఆయనే వైద్యుడు. బాపు ఆయనను భాయ్ అంటాడు, ఆయన బాపును అన్న అంటాడు, ఇద్దరూ రోజుకొకసారి కొట్లాడుకోకపోతే వాళ్ళకు చాయ్ అరగదు. చాచా ఒక ఎండకాలమంతా కార్బొరేటరు కడిగి, పాయింట్లు గీకి, ఎలుకలకు వేరే జాగా చూపించి, ఒక పొద్దున కారు స్టార్టు చేశాడు. లారీ ఇంజన్ దగ్గుతుంది, జీపు ఇంజన్ గొణుగుతుంది. ఇది పాడింది. నా గుండె అక్కడే ఆ షెడ్డులోనే పోయింది.

ఆ వారంలోనే చాచా హైదరాబాదులో పాత సామాన్ల దుకాణం నుంచి ఒక వార్త తెచ్చాడు. పట్నం అవతల ఒక పాత విమానాల మైదానం ఉందట. ఏటా చలికాలంలో మోటారు క్లబ్బు వాళ్ళు దాన్ని ఒక రోజుకు తీసుకుని, ఎవరి కారు వాళ్ళను తెచ్చుకుని ఎంత జోరుగా కావాలంటే అంత జోరుగా తిప్పుకోనిస్తారట. పందెం లేదు, బహుమతి లేదు, ఎదురుగా ఎడ్లబండి రాదు, బర్రె అడ్డం రాదు. నేను తిప్పుతాను అన్నాను. అమ్మ తలమీద చెయ్యి పెట్టుకుంది. బాపు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, తిప్పుదువు గానీ, ఇంజన్ పక్కా అయినంకనే అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. ఇంజన్ పక్కాగానే ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. ఎంత అమాయకురాలినో.

మర్నాడు బాపు చాచా షెడ్డుకు పోయి ఇంజన్ విప్పమన్నాడు. చాచా చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. ఆయన మతం ఆయనది. నడిచే ఇంజన్ మీద చెయ్యి పెట్టొద్దనేది ఆయనకు నమాజు తర్వాత అంత ముఖ్యమైన సంగతి. విప్పని ఇంజన్లో ఒక్క అనుమానం ఉంటది, విప్పిన ఇంజన్లో పది ఉంటయి అనేవాడు. ఇద్దరూ పొద్దంతా కొట్లాడుకున్నారు. నేను చాచా పక్షం. నాకు ఆ చలికాలమే మైదానం కావాలి.

బాపు గొర్రెల సంగతి ఎత్తలేదు, అదే నాకు ఆశ్చర్యం. చాచాను ఒక్కటే అడిగాడు. లారీ ఇంజన్ నెమ్మదిగా తిరుగుతది, దీన్ని పిల్ల గొంతు చించుకునేటట్టు తిప్పుతది, అప్పుడు ముందుగాల ఏది పోతది చెప్పు అన్నాడు. చాచాకు అబద్ధం చెప్పడం రాదు. కాసేపు గడ్డం గోక్కుని చెప్పాడు. కడవ నెత్తిన పెట్టుకుని జోరుగా మూల మలిగితే నీళ్ళన్నీ ఒక పక్కకు కొట్టుకుంటయి కదా, ఇంజన్ కింద ఆయిల్ చాంబరులో నూనె కూడా అంతే. నూనె పక్కకు పోయిన ఆ ఒక్క గడియ పంపు గాలి పీలుస్తది. బేరింగులు ఎండిపోతయి. ఆ తర్వాత కనెక్టింగ్ రాడ్ బోల్టులు ముసలివి, అవి సాగి తెగితే రాడ్డు ఇంజన్ పొట్ట చీల్చుకుని బయటికొస్తది. మూడోది వేడి. ఇంతే అన్నాడు. ఈ మూడూ పోతాయని కాదు, పోతే ఇవే పోతాయి అని కూడా అన్నాడు.

పోతే అనే మాట బాపు ముందు అనకూడదు. పోతే అన్నావంటే పోయినట్టే లెక్క. ఆ సాయంత్రమే ఇంజన్ కిందికి దిగింది.

విప్పి చూస్తే బేరింగులు అద్దంలా ఉన్నాయి. చాచా వాటిని గుడ్డమీద వరసగా పెట్టి, వచ్చినవాళ్ళందరినీ పిలిచి చూపించాడు. ఒక గీత కూడా లేదు, నేను చెప్పలేదా, అన్న తలకాయ తిరిగి విప్పించిండు అని ఊరంతా చాటాడు. బాపు ఏమాత్రం సిగ్గుపడలేదు. మంచిదే కదా, నిన్నటిదాకా మంచిగున్నదని అనుకున్నం, ఇయ్యాల మంచిగున్నదని తెలిసింది అన్నాడు. ఒప్పుకోవాలంటే ఒళ్ళుమండుతుంది గానీ, ఆ మాటలో తప్పు నాకు దొరకలేదు.

చాంబరులో చాచా రేకు అడ్డాలు పెట్టి అతికాడు. నూనె ఒక పక్కకు పరుగెత్తకుండా గదులు గదులుగా కట్టాడన్నమాట. ఆ పని నిజంగా ముద్దొచ్చేలా చేశాడు. రాడ్ బోల్టులు మాత్రం పట్నంలో దొరకలేదు. దుకాణంవాడు వస్తాయి వస్తాయి అన్నాడు. దసరా పోయింది, దీపావళి పోయింది, ఇంజన్ చాపమీద పడుకునే ఉంది. నేను వారానికోసారి బస్సెక్కి దుకాణానికి పోయి వాడి ప్రాణం తీసేదాన్ని. బోల్టులు వచ్చేసరికి మైదానం రోజు దాటిపోయింది. ఆ చలికాలం అట్లా పోయింది. నేను రెండు రోజులు బాపుతో మాట్లాడలేదు. ఆయన ఆ రెండు రోజులూ నాకు జలుబు చేస్తుందేమోనని మిరియాల కషాయం పంపాడు.

రెండో ఏడు నీళ్ళ మీద పడ్డాడు. మా అవ్వ, అంటే బాపు వాళ్ళమ్మ, మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి మోకాళ్ళు వంగిపోయి కర్ర మీద నడిచేది. నోటిని మాత్రం ఏ నీళ్ళూ వంచలేకపోయాయి. బాపు ఆమె మోకాళ్ళ వైపు చూసేవాడు, కారు రేడియేటరు వైపు చూసేవాడు. చివరికి చాచాతో అన్నాడు.

“మనిషి బొక్కలనే వంచిన నీళ్ళు భాయ్. గీ సన్న సన్న గొట్టాలను ఇడిసిపెడ్తయా?”

చాచా పడీ పడీ నవ్వాడు. మోకాళ్ళకూ రేడియేటరుకూ ఏం సంబంధం, పిచ్చి ముదిరింది అన్నాడు. నవ్వడానికి నాకూ హక్కుంది కాబట్టి నేనూ నవ్వాను. కానీ ఆ నెలలోనే మర్రిగూడ నుంచి ఒక జీపు వేడెక్కి వేడెక్కి చాచా షెడ్డుకు వచ్చింది. రేడియేటరు కోస్తే లోపల గొట్టాలన్నీ తెల్లగా సున్నం కట్టుకుపోయి ఉన్నాయి. చాచా ఆ ముక్కను చాలాసేపు చేతిలో తిప్పాడు. ఆ సాయంత్రం దొరసానికి మందమైన కొత్త రేడియేటరు కట్టించడానికి ఒప్పుకున్నాడు. బోరు నీళ్ళు దాంట్లో పోయడం అప్పటినుంచీ నిషిద్ధం. లారీ కొల్లాపూర్ వైపు పోయినప్పుడల్లా బాపు డబ్బాలతో కృష్ణ నీళ్ళు పట్టుకొచ్చేవాడు. మాకు బోరు నీళ్ళు, దొరసానికి కృష్ణమ్మ అని అమ్మ గిన్నెలు విసురుగా పెట్టింది. అవ్వ అయితే, నా కొడుకు నా మోకాళ్ళ పగను గా కారు మీద తీర్చుకుంటాండు అంది.

అక్కడితో ఆగితే బాగుండేది. చాచా చెప్పిన మూడూ అయిపోయాయి. నూనె, బోల్టులు, వేడి. బేరం ప్రకారం నాకు మైదానం రావాలి. కానీ బాపుకు రుచి మరిగింది. వాల్వు స్ప్రింగులు చూద్దామన్నాడు. చూస్తే బాగున్నాయి, అయినా మార్చాడు. క్లచ్చు ప్లేటు మార్చాడు. నీళ్ళ పంపు మార్చాడు. ఫ్యాను బెల్టు కొత్తది వేయించి, ఇంకొకటి సీటు కింద పెట్టించాడు. దాన్ని తెంపడానికి ఎలుకలొస్తాయేమోనని నాఫ్తలిన్ ఉండలు పెట్టాడు. ఒక్కొక్క వస్తువుకూ పట్నం, ఒక్కొక్క పట్నానికీ వారం. హెడ్డు గ్యాస్కెట్టు కొత్తది వేసి బిగించి, ఇగ అయిపోయిందని చాచా చేతులు కడుక్కుంటూ ఉంటే, బాపు ఇంజన్ మీద చెయ్యి వేసి, గేర్ బాక్సు సంగతి ఏందని అడిగాడు. చాచా కడుక్కున్న చేతులను మళ్ళీ నూనె గుడ్డకు తుడుచుకున్నాడు. ఆ చలికాలం కూడా పోయింది.

ఆరునెలలు సాము చేసి మూలనున్న ముసల్దాన్ని కొట్టినట్టుంది మీ సంగతి అని అమ్మ అంది. మూలన కూర్చున్న అవ్వకు కోపమొచ్చి, నన్నెందుకు నడుమల తీస్తరే అని కర్ర ఊపింది.

ఇంత జరుగుతున్నా బాపు నన్ను దొరసాని ఎక్కనివ్వలేదని కాదు. ఎక్కనిచ్చేవాడు. పక్కన తాను కూర్చుని, శ్రీశైలం రోడ్డు మీద కొద్ది దూరం పోనిచ్చి, మీటరు ముల్లు కాస్త లేవగానే గాలిలో అరచెయ్యి ఊపేవాడు. మెల్లగ, మెల్లగ. సైకిళ్ళు మమ్మల్ని దాటిపోయేవి. ఒకసారి ఒక మేకల మంద మాకు దారివ్వకుండా ముందు నడిచింది, బాపు దానికి మురిసిపోయాడు. జిల్లాలో అంత గట్టి ఇంజన్ ఇంకొకటి లేదు, అంత మెల్లగా పోయే కారూ ఇంకొకటి లేదు.

మూడో ఏడు దసరాకు ఆయుధపూజ చేశాం. బాపు కారును తుడుస్తూ, చూడబోతే క్రాంకు కూడా ఒకసారి తూకం పట్టిస్తే మంచిదేమో అన్నాడు. ఎవరితోనో కాదు, తనలో తనే అనుకున్నాడు. అయినా నాకు వినబడింది. నాకు అప్పటిదాకా కోపం వచ్చిందనుకున్నాను గానీ అవన్నీ కోపాలు కావు, కోపం అప్పుడొచ్చింది. చేతిలో ఉన్న బంతిపూల దండ కారు మీదికి విసిరేసి అడిగాను.

“బాపూ, నీ భయం ఇంజన్ గురించా, నా గురించా?”

ఆయన తుడుస్తూనే ఉన్నాడు. గుడ్డ మడత మార్చాడు. నా వైపు చూడకుండానే జవాబిచ్చాడు.

“ఇంజన్‌ది ఏముంది. ఇరిగితే ఇంకోటి దొరుకుతది.”

జాలీ కోపం ఒకేసారి వస్తే మనిషి ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదు. లోపలికి పోయి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను. ఇన్నాళ్ళూ చాచాను బతిమాలి, దుకాణంవాణ్ణి పీడించి, బోల్టులకూ బెల్టులకూ కాపలా కాశాను. అవేవీ అడ్డం కాదు, అడ్డం నేనే. నాకు ఏదైనా అవుతుందేమోనని ఆయన ఇంజన్‌కు మందు పోస్తున్నాడు. ఇంజన్ ఎంత గట్టిపడితే ఏం, ఆయన భయానికి అడుగు ఉందా? ఇట్లా అయితే నేను ముసలిదాన్నయ్యేదాకా అది పక్కా కాదు.

చాచాకు పోయి చెప్పాను. ఆయన ఏమీ కొత్త సంగతి విన్నట్టు మొహం పెట్టలేదు. ఆ రోజే మా ఇంటికొచ్చి, చాయ్ తాగి, గ్లాసు పెట్టి, అన్నా, ఇగ గా ఇంజన్ల ఏమన్న పెడ్దమంటే జాగా లేదు అన్నాడు. బాపు నవ్వలేదు. చాలాసేపు పెరట్లో దొరసాని చుట్టూ తిరిగాడు. మాపటికి అన్నం ముందు కూర్చుని, ఈ చలికాలం పోదాం తీ అన్నాడు. అమ్మ వడ్డించే గరిటె ఆగిపోయింది. నేను నమ్మకపోవడమే మంచిదని తింటూ పోయాను.

కానీ పోయాం. కారును కల్వకుర్తి నుంచి నడుపుకుంటూ పోతే తోవలో ఏమన్నా అయితే ఎట్లా అని బాపు దాన్ని లారీకెక్కించి, చుట్టూ గోనెసంచులు కుక్కి, తాళ్ళతో కట్టాడు. పెళ్ళికూతుర్ని కూడా ఎవరూ అంత భద్రంగా పంపరు. అవ్వ నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించింది. చాచా దర్గా నుంచి తెచ్చిన దారం స్టీరింగుకు కట్టాడు. దేవుళ్ళ దగ్గర కూడా ముందుజాగ్రత్త పూర్తయ్యాక, అమ్మ జొన్నరొట్టెలూ పల్లికారమూ మూటగట్టి ఇచ్చింది. క్యాబినులో బాపూ చాచా నేనూ, ముగ్గురం. బాపు లారీ నడిపాడు. తోవంతా ఒక్క మాట మాట్లాడలేదు, అదొక్కటే నాకు అనుమానం పుట్టించింది.

మైదానం చూడగానే లారీ ఆగీ ఆగకముందే కిందికి దూకాను. గడ్డి నడుమ నల్లటి దారి, ఒక కొస నుంచి ఇంకో కొస మసకగా కనబడేంత పొడుగు. రెండు కొసలా డ్రమ్ములు పెట్టి, వాటిని చుట్టి మలగాలన్నారు. పట్నం వాళ్ళ కార్లు మెరుస్తూ నిలబడి ఉన్నాయి. మేము గోనెసంచులు విప్పి దొరసానిని దింపుతుంటే నలుగురు చుట్టూ మూగారు. క్లబ్బు పెద్దమనిషి మర్యాదగానే వచ్చి, ఎవరు నడుపుతారని బాపును అడిగాడు. బాపు నన్ను చూపించాడు. ఆయన ఒకసారి నా జడ వైపు, ఒకసారి నా చేతిలో ఉన్న స్కూటరు హెల్మెట్టు వైపు చూసి, పొద్దున ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత, అంతే అన్నాడు. ఆ హెల్మెట్టు చాచా బామ్మర్దిది, నాకు రెండు చెవుల దగ్గరా వేలు దూరేంత వదులు.

పొద్దుటి విడతలో దిగాను. మొదటి మూల దగ్గర మీటర్ల వైపు ఒక కన్ను వేసి మలిపాను. నూనె ముల్లు కదల్లేదు. చాచా కట్టిన గదులు నూనెను పట్టుకున్నాయి. నాకు నవ్వొచ్చింది, గట్టిగా అరిచాను కూడా. తిన్నని దారిలోకి వచ్చి కాలు కిందికి తొక్కాను. కారు లేచింది, కొంత దూరం ఉరికింది, ఇక అంతే. పాట సగంలో ఆగిపోయినట్టు జోరు అక్కడే నిలబడిపోయింది. ఎంత తొక్కినా అంతకు మించి పోదు. పట్నం కార్లు ఒకటి తర్వాత ఒకటి నన్ను దాటిపోయాయి. చివరికి ఇంట్లో కూరగాయలు తెచ్చుకునే కారు లాంటిది కూడా దాటింది. అందులో ఆయన చెయ్యి ఊపాడు.

విడత అయిపోయింది. నేను వచ్చి కారు ఆపి, హెల్మెట్టు సీట్లో పడేసి చాచా మీద పడ్డాను. ఇన్నేళ్ళు ఏం చేసినవు, నూనెకు గదులు కట్టినవు గానీ జోరుకు కూడా గోడ కట్టినవా అన్నాను. నోటికొచ్చింది అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. నా ఇంజన్ల తప్పు లేదు బేటీ అని, ప్లగ్గులు విప్పాడు, ఎండుటాకు రంగులో చక్కగా కాలాయి. పాయింట్లు చూశాడు. కార్బొరేటరు మూత తీశాడు. అన్నీ బాగున్నాయి. బాపు కొంచెం దూరంలో లారీ నీడకు కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఇంజన్‌కు ఏదో అయిందంటే ఈయన ఇంకా లేవలేదేంటి అని నాకు అప్పుడు కూడా తోచలేదు.

చాచా నన్ను సీట్లో కూర్చుని పెడల్ తొక్కమన్నాడు. తొక్కాను. ఇంజన్ దగ్గర పెడల్ తీగ పూర్తిగా లాగడం లేదు, సగంలోనే ఆగుతోంది అన్నాడు. చాచా తలుపు తీసి, మోకాళ్ళమీద కూర్చుని, పెడల్ కిందికి చెయ్యి పెట్టాడు. తర్వాత నా చెయ్యి పట్టి అక్కడ పెట్టాడు. నేల రేకుకు ఒక బోల్టు బిగించి ఉంది, పెడల్ పూర్తిగా దిగకుండా. బోల్టు తల మీద టైరు రబ్బరు ముక్క గుండ్రంగా కోసి అతికించి ఉంది. కాలికి టక్కున తగలకుండా, మెత్తగా ఆగేలా.

ఆ రబ్బరు ముక్క అంచులు ఎంత నున్నగా అరగదీసి ఉన్నాయో. అది ఎవరి చెయ్యో ఎవరూ చెప్పనక్కరలేదు. నేను బాపు దగ్గరికి నడిచాను. పోట్లాడదామనే పోయాను. ఆయన నన్ను చూసి బీడీ ఆర్పేశాడు, దొరికిపోయిన దొంగ కూడా అంత తొందరగా ఒప్పుకోడు.

“ఇంజన్‌కు ఏం పెట్టాల్నో నాకు ఎరుక బిడ్డా. నీకేం పెట్టాల్నో తెల్వలే. గందుకే గా బోల్టు పెట్టిన.”

ఏడుపొచ్చింది, ఏడవడం ఇష్టంలేక కోపంగా నిలబడ్డాను. మధ్యాహ్నం విడత ఒక్కటే ఉంది బాపూ అన్నాను. ఆయన నా వైపు చూశాడు, మైదానం వైపు చూశాడు. చాచా పానా తీసుకుని కారు వైపు కదిలితే, ఆగు భాయ్ అన్నాడు.

లేచి, తువాల నడుముకు చుట్టుకుని, పానా తానే తీసుకున్నాడు. స్టీరింగు కిందికి తల దూర్చి పడుకున్నాడు. బయటికి రెండు కాళ్ళే కనబడుతున్నాయి, మడమలు పగిలిన కాళ్ళు. బోల్టు తొందరగా రాలేదు. ఆయన బిగించింది ఊడిరావడం అంత తేలికా. పట్నం వాళ్ళు నడుస్తూ పోతూ, ఏమైందండీ అని అడిగారు. ఏం లేదు, చిన్న పని అని చాచా వాళ్ళను పంపించాడు. చివరికి బాపు బయటికొచ్చి, మోకాళ్ళు దులుపుకుని, తలుపు నాకోసం తెరిచి పట్టుకున్నాడు.

“ఇగ ఆపేది ఏం లేదు. ఆపుకునేది నువ్వే.”

మధ్యాహ్నం విడతలో దిగాను. మూల తిరిగి తిన్నని దారిలోకి వచ్చాక పెడల్ నేలదాకా పోయింది. ఇంజన్ పొద్దున ఆగిన చోటు దాటి, నేనెప్పుడూ వినని గొంతులోకి పోయింది. నూనె ముల్లు కదల్లేదు, నీళ్ళ ముల్లు కదల్లేదు. బాపు మార్చిన ప్రతి వస్తువూ తన పని తాను చేసుకుపోతోంది. గాలికి హెల్మెట్టు లోపల నా చెవులు హోరెత్తిపోయాయి. పొద్దున చెయ్యి ఊపినాయన కారును దాటేశాను, చెయ్యి ఊపడం మాత్రం మరిచిపోయాను. డ్రమ్ములు పెద్దవై దగ్గరికొచ్చాయి. ఎవరూ చెప్పకుండానే కాలు తీశాను, మలిపాను, మళ్ళీ తొక్కాను. ఆ మలుపు దగ్గర తాడు అవతల బాపు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు అంత దూరం నడిచివచ్చాడో. నోట్లో తువాల కొంగు కుక్కుకున్నాడు, కళ్ళు మాత్రం మూసుకోలేదు.